లాగిన్ అయ్యాక ఫారం ఎక్కడికి పోయింది? వెబ్‌సైట్లు మన దారి ఎలా గుర్తుపెట్టుకుంటాయి, మోసగాళ్లు ఆ దారిని ఎలా మళ్లిస్తారు

నెల్లూరు: ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు వంటి తీర మండలాల్లో ఏ ఇంట్లో అయినా జరిగే సంగతే ఇది. కాలేజీ వాట్సాప్ గ్రూపులో స్కాలర్‌షిప్ రెన్యూవల్ లింక్ వస్తుంది. ఇంటర్ చదివే అమ్మాయి ఫోన్‌లో ఆ లింక్ నొక్కుతుంది. ముందు లాగిన్ అవ్వమంటుంది సైటు. యూజర్ ఐడీ, పాస్‌వర్డ్, కాప్చా అన్నీ కొట్టాలి. తర్వాత ఓటీపీ. ఆ నంబర్ సిమ్ అబ్బా ఫోన్‌లో ఉంది, ఆయన పనిలో ఉన్నారు. ఫోన్ చేసి, అడిగి, ఓటీపీ కొట్టి లోపలికి వెళితే ఎదురుగా కనిపించేది రెన్యూవల్ ఫారం కాదు, సైటు మొదటి పేజీ. పథకాల ఫొటోలు, ప్రకటనలు, ఇరవై మెనూలు. "అమ్మీ, ఫారం ఎక్కడుందో తెలీడం లేదు" అంటుంది అమ్మాయి. ఆ రోజే చివరి తేదీ అయితే నెట్ సెంటర్‌కు పరుగు, అక్కడ లైను, అక్కడ ఫీజు.

తప్పు అమ్మాయిది కాదు, ఫోన్‌దీ కాదు. లాగిన్ అవ్వకముందు ఆమె ఏ పేజీ కోసం వచ్చిందో సైటు గుర్తుపెట్టుకోలేదు. వినడానికి చిన్న విషయమే. కానీ ఈ గుర్తుపెట్టుకునే పద్ధతి సరిగా లేకపోతే ఒకవైపు టైము పోతుంది, మరోవైపు బ్యాంకు ఖాతాకే ఎసరు రావచ్చు. అందుకే అది ఎలా పనిచేస్తుందో ఇంట్లో ఫోన్ వాడే ప్రతి ఒక్కరూ కొంచెమైనా తెలుసుకోవాలి.

సర్వర్‌కు మతిమరుపు ఎందుకు?

మన ఫోన్‌లోని బ్రౌజర్, దూరంగా ఉన్న సర్వర్ మాట్లాడుకునే భాష పేరు హెచ్‌టీటీపీ. దీనికి పుట్టుకతోనే ఒక గుణం ఉంది. ప్రతి అడుగూ దీనికి కొత్తదే. మీరు ఒక పేజీ అడిగారు, సర్వర్ ఇచ్చింది, అంతటితో సరి. రెండో పేజీ అడిగేసరికి మీరెవరో సర్వర్‌కు గుర్తుండదు. చదువుకునే పేజీలు పంచుకోవడానికి ఇది సరిపోయింది. కొనుగోళ్లు, ఖాతాలు వచ్చాక చిక్కు మొదలైంది.

1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేసిన లూ మాంటులీ దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. అదే కుకీ. బారా షహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ రద్దీలో చెప్పుల స్టాండు పెట్టినవాళ్లు మీ చెప్పులు తీసుకుని నంబర్ ఉన్న టోకెన్ ఇస్తారు కదా. స్టాండులో మనిషికి మీ ముఖం గుర్తుండక్కర్లేదు, టోకెన్ చూపిస్తే చాలు. కుకీ కూడా అలాంటి టోకెనే. లాగిన్ అయ్యాక సర్వర్ మీ బ్రౌజర్‌కు ఒక నంబర్ ఇస్తుంది. ఆ తర్వాత ప్రతి పేజీ అడిగేటప్పుడు బ్రౌజర్ ఆ నంబర్‌ను కూడా చూపిస్తుంది. ఆ నంబర్ కింద సర్వర్ రాసుకున్న వివరాలనే సెషన్ అంటారు. చాలాసేపు మీ నుంచి కదలిక లేకపోతే సర్వర్ ఆ టోకెన్‌ను రద్దు చేస్తుంది. "సెషన్ ఎక్స్‌పైర్డ్" అని వచ్చేది అప్పుడే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మీరెవరో చెప్పడం కుకీ పని. మీరు ఎక్కడికి వెళ్తున్నారో అన్నది వేరే సంగతి. దాన్ని సైటు తయారుచేసినవాళ్లు విడిగా రాసిపెట్టాలి. రాయకపోతే మొదటి పేజీకి పోవడమే గతి.

పోర్టు గేటు ఉదాహరణ

కృష్ణపట్నం పోర్టుకు ఒక లారీ డ్రైవర్ సరుకు తెచ్చాడనుకుందాం. అతను ఫలానా బెర్తుకు వెళ్లాలి. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపి "పాస్ ఉందా?" అంటాడు. లేదంటే పక్కనున్న పాస్ ఆఫీసుకు పంపిస్తాడు. పంపేటప్పుడు ఒక చీటీ మీద "ఇతను ఫలానా బెర్తుకు" అని రాసిస్తే, పాస్ తయారైన వెంటనే ఆఫీసువాళ్లు అటే పంపుతారు. చీటీ లేకపోతే పాస్ చేతిలో పెట్టి మెయిన్ గేటు దగ్గర వదిలేస్తారు. ఆ తర్వాత దారి అతనే వెతుక్కోవాలి.

వెబ్‌సైటులో జరిగేదీ ఇదే.

మొదట, మీరు ఫారం పేజీ అడుగుతారు. సర్వర్ మీ కుకీ చూస్తుంది. టోకెన్ లేదు, లేదా రద్దయింది.

రెండు, సర్వర్ ఫారం ఇవ్వకుండా 302 అనే నంబర్‌తో జవాబిస్తుంది. "నువ్వు అడిగింది ఇప్పుడు ఇక్కడ కాదు, ఈ అడ్రసుకు వెళ్లు" అని దానికి అర్థం. ఆ అడ్రసు లాగిన్ పేజీది. పంపేటప్పుడే మీరు మొదట అడిగిన పేజీ పేరు కూడా రాసిపెట్టుకుంటుంది. చీటీ అంటే ఇదే.

మూడు, మీరు పాస్‌వర్డ్, ఓటీపీ ఇస్తారు. సరిపోతే సర్వర్ కొత్త టోకెన్ ఇస్తుంది.

నాలుగు, చీటీ తీసి చదివి, మిమ్మల్ని ఫారం పేజీకి పంపుతుంది. చీటీ లేకుంటే మొదటి పేజీకి.

చీటీ ఎక్కడ రాస్తారు?

దీనికి మూడు పద్ధతులున్నాయి.

మొదటిది, అడ్రసులోనే రాయడం. లాగిన్ పేజీ తెరిచినప్పుడు పైన అడ్రసు చివర ప్రశ్నార్థకం గుర్తు, దాని వెనక ఒక పేరు, సమానం గుర్తు, ఆ తర్వాత మీరు వెళ్లాల్సిన పేజీ దారి కనిపిస్తాయి. జాంగోతో కట్టిన సైట్లలో ఆ పేరు నెక్స్ట్ అని ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ డాట్ నెట్ సైట్లలో రిటర్న్ యూఆర్‌ఎల్ అని, వర్డ్‌ప్రెస్‌లో రీడైరెక్ట్ టూ అని ఉంటుంది. దీని మేలు ఏమిటంటే, రెండు ట్యాబ్‌లలో రెండు పేజీలు తెరిచినా దేని చీటీ దానికే ఉంటుంది. చెడు ఏమిటంటే, అడ్రసు ఎవరైనా మార్చి రాయొచ్చు. ఆ గొడవ కింద చూద్దాం.

రెండోది, సర్వర్ దగ్గరే సెషన్‌లో రాసుకోవడం. లారావెల్, స్ప్రింగ్ సెక్యూరిటీ వంటివి ఇలా చేస్తాయి. చీటీ బయటికి కనిపించదు కాబట్టి బయటివాళ్లు తేలిగ్గా మార్చలేరు. కానీ ఒకే చీటీ ఉంటే రెండు ట్యాబ్‌లు తెరిచినప్పుడు రెండోది మొదటిదాని మీద రాసేస్తుంది. ఫీజు రసీదు కోసం తెరిచిన ట్యాబ్‌లో లాగిన్ అయితే హాల్ టికెట్ పేజీ వస్తుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. ఒక బ్రౌజర్‌లో మొదలుపెట్టి, ఈమెయిల్‌కు వచ్చిన లాగిన్ లింక్ వేరే బ్రౌజర్‌లో తెరుచుకుంటే చీటీ మొదటి బ్రౌజర్ టోకెన్ కిందే ఉండిపోతుంది. కొన్ని యాప్‌లు లింకులను తమ లోపలి చిన్న బ్రౌజర్‌లోనే తెరుస్తాయి. దాని కుకీలు వేరు, క్రోమ్ కుకీలు వేరు. "ఇందాకే లాగిన్ అయ్యాను, మళ్లీ ఎందుకు అడుగుతోంది?" అన్న ప్రశ్నకు చాలాసార్లు ఇదే జవాబు.

మూడోది, ఏ పేజీ నుంచి వచ్చారో బ్రౌజర్ తనంతట తాను చెప్పే రెఫరర్ అనే వివరాన్ని నమ్ముకోవడం. ప్రమాణ పత్రంలోకి ఈ పేరు ఒక ఆర్ అక్షరం తక్కువగా, స్పెల్లింగ్ తప్పుతో ఎక్కింది. ఇప్పటికీ అలాగే వాడుతున్నారు. దీన్ని నమ్ముకోవడం మంచిది కాదు. వాట్సాప్ నుంచి నేరుగా వస్తే ఆ వివరం ఖాళీగా ఉండొచ్చు. పైగా 2020 నుంచి క్రోమ్ ఒక సైటు నుంచి వేరే సైటుకు వెళ్లేటప్పుడు మామూలుగా సైటు పేరు మాత్రమే చెబుతుంది, పేజీ దారి చెప్పదు.

నింపిన ఫారం ఎందుకు పోతుంది?

ఇది ఇంకా బాధాకరమైన సంగతి. ఆధార్, బ్యాంకు ఖాతా, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ నంబర్లన్నీ అరగంట కూర్చుని నింపి "సబ్‌మిట్" నొక్కితే లాగిన్ పేజీ వస్తుంది. లాగిన్ అయితే ఖాళీ ఫారం.

కారణం ఏమిటంటే, పేజీ అడగడం ఒక రకం, వివరాలు పంపడం మరో రకం. మొదటిదాన్ని గెట్ అంటారు, రెండోదాన్ని పోస్ట్ అంటారు. చీటీ మీద పేజీ దారి రాయడం సులువు. మీరు నింపిన వివరాలన్నీ చీటీ మీద పట్టవు, అడ్రసులో పెడితే భద్రం కూడా కాదు. 302 జవాబు వచ్చినప్పుడు బ్రౌజర్లు మామూలుగా గెట్ పద్ధతిలోనే కొత్త పేజీకి వెళ్తాయి, నింపిన సమాచారం అక్కడే రాలిపోతుంది. జాగ్రత్తపరులైన సైటువాళ్లు మధ్యమధ్యలో డ్రాఫ్ట్ సేవ్ చేస్తారు, లేదా "మరో రెండు నిమిషాల్లో సెషన్ ముగుస్తుంది" అని ముందే హెచ్చరిస్తారు. అలా చేయని సైట్లలో జాగ్రత్త మనమే పడాలి.

వేరే సైటు ద్వారా లాగిన్ అయితే?

ఇప్పుడు చాలా చోట్ల "గూగుల్‌తో లాగిన్", "డిజీలాకర్‌తో లాగిన్" అనే బటన్లు ఉంటున్నాయి. కేంద్ర ప్రభుత్వం 2022 జులైలో "మేరీ పెహచాన్" పేరుతో ఒకే లాగిన్ విధానం ప్రారంభించింది. డిజీలాకర్, ఈ-ప్రమాణ్, జన్‌పరిచయ్ ఇందులో భాగం. ఇక్కడ పాస్ ఆఫీసు పోర్టు లోపల లేదు, ఊళ్లో వేరే చోట ఉందనుకోవాలి. మీరు ఒక సైటు నుంచి మరో సైటుకు పోయి, అక్కడ గుర్తింపు చూపించి, వెనక్కి రావాలి.

ఇలాంటి రాకపోకలకు చాలా చోట్ల వాడే నియమావళి పేరు ఓఆత్ 2.0. ఇది 2012 అక్టోబరులో ఆర్‌ఎఫ్‌సీ 6749గా వచ్చింది. ఇందులో రెండు జాగ్రత్తలు ముఖ్యం. ఒకటి, తిరిగి పంపాల్సిన అడ్రసును ముందే నమోదు చేయించుకోవాలి. అడిగినవాడు ఏ అడ్రసు చెబితే ఆ అడ్రసుకు పంపకూడదు. రెండోది స్టేట్ అనే గుర్తు. వెళ్లేటప్పుడు సైటు ఎవరూ ఊహించలేని ఒక గుర్తును జతచేసి పంపుతుంది. తిరిగి వచ్చినప్పుడు అదే గుర్తు వచ్చిందా అని సరిచూస్తుంది. ఆ గుర్తు కిందే "ఈమె రెన్యూవల్ పేజీ కోసం వచ్చింది" అని రాసుకుంటే, అంత దూరం పోయి వచ్చినా సరైన పేజీకే చేరుతుంది.

చీటీ మార్చేసే మోసం

ఇప్పుడు అసలు జాగ్రత్తపడాల్సిన విషయం. అడ్రసులో ఉన్న చీటీని ఎవరైనా మార్చగలరని పైన చెప్పుకున్నాం. మోసగాడు ఏం చేస్తాడంటే, ఒక మంచి సైటు లాగిన్ పేజీ అడ్రసు తీసుకుంటాడు. చివర చీటీలో మాత్రం తన దొంగ సైటు అడ్రసు రాస్తాడు. ఆ లింక్‌ను "స్కాలర్‌షిప్ సొమ్ము ఆగింది, వెంటనే సరిచేసుకోండి" అని గ్రూపుల్లో వదులుతాడు.

మీరు జాగ్రత్తగానే చూస్తారు. లింక్ మొదట్లో అసలు సైటు పేరే ఉంది. నొక్కితే అసలు లాగిన్ పేజీయే తెరుచుకుంది. పాస్‌వర్డ్ ఇచ్చారు, అసలు సైటే దాన్ని సరిచూసింది. ఆ తర్వాత సైటు గుడ్డిగా చీటీ చదివి మిమ్మల్ని దొంగ సైటుకు పంపింది. అక్కడ అచ్చం అలాంటి పేజీయే ఉంటుంది. "పాస్‌వర్డ్ తప్పు, మళ్లీ ఇవ్వండి" అంటుంది. లేదా బ్యాంకు ఖాతా, ఏటీఎం కార్డు నంబర్ అడుగుతుంది. చేయి జారిందేమో అనుకుని మీరు మళ్లీ కొడతారు. ఈసారి అది నేరుగా దొంగ చేతికి పోతుంది.

దీన్ని ఓపెన్ రీడైరెక్ట్ అంటారు. సాఫ్ట్‌వేర్ లోపాల జాబితా సీడబ్ల్యూఈలో దీని నంబర్ 601. వెబ్ భద్రత మీద పనిచేసే ఓవాస్ప్ సంస్థ 2010లో, మళ్లీ 2013లో ఇచ్చిన పది పెద్ద ప్రమాదాల జాబితాల్లో పదో స్థానం దీనిదే. 2017 జాబితాలో దీనికి విడిగా చోటు లేదు, కానీ లోపం మాత్రం మాయమవలేదు.

పెద్దపెద్దవాళ్లు కూడా ఇందులో తడబడ్డారు. మైక్రోసాఫ్ట్ ఏఎస్‌పీ డాట్ నెట్ ఎంవీసీ మొదటి రెండు వెర్షన్లలో ఇచ్చిన నమూనా లాగిన్ కోడ్‌లోనే ఈ లోపం ఉండేది. మూడో వెర్షన్‌లో "ఈ అడ్రసు మన సైటులోదేనా" అని చూసే పరీక్ష చేర్చారు. జాంగోలో ఆ పరీక్ష ఉండేది. అయినా సైటు పేరు చోట అంకెలతో రాసిన కొన్ని అడ్రసులు ఆ పరీక్షను దాటిపోతున్నాయని తేలి, 2017 ఏప్రిల్‌లో సవరణ విడుదల చేశారు.

ఇంట్లో పాటించాల్సినవి

ఫోన్ వాడే పెద్దలకు, పిల్లలకు ఇవి చాలు.

లింక్ నొక్కి లాగిన్ అయ్యాక మొదటి పేజీ వస్తే కంగారు పడొద్దు. లాగౌట్ అవ్వకుండా, అదే బ్రౌజర్‌లో ఆ లింక్‌ను మరోసారి తెరవండి. టోకెన్ ఇప్పటికే మీ బ్రౌజర్‌లో ఉంది కాబట్టి చాలాసార్లు నేరుగా ఫారం పేజీకే పోతుంది.

పెద్ద ఫారం నింపాలంటే ముందు లాగిన్ అవ్వండి. ఖాతా నంబర్, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, సర్టిఫికెట్ నంబర్లు ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి. పొడుగాటి జవాబులు ఫోన్ నోట్స్‌లో రాసుకుని కాపీ చేయండి. "సేవ్ డ్రాఫ్ట్" ఉంటే ప్రతి పేజీకీ నొక్కండి. ఓటీపీ వచ్చే ఫోన్ ఎవరి దగ్గర ఉందో ముందే చూసుకోండి.

ఒకసారి సరైన పాస్‌వర్డ్ ఇచ్చి లాగిన్ అయ్యాక వెంటనే మళ్లీ పాస్‌వర్డ్ అడిగితే ఆగండి. పైన అడ్రసు చదవండి. సైటు పేరు మొదలు చూస్తే సరిపోదు. ముందు రెండు స్లాష్ గీతల తర్వాత, మళ్లీ ఒక స్లాష్ వచ్చేలోపు ఉన్నదే సైటు పేరు. దాని చివరి భాగం చూడాలి. ప్రభుత్వ సైటు అయితే ఆ పేరు డాట్ గవ్ డాట్ ఇన్ అనో, డాట్ నిక్ డాట్ ఇన్ అనో ముగియాలి. గవ్ అన్న మాట మధ్యలో ఉండి, చివర ఇంకేదో ఉంటే అది ప్రభుత్వ సైటు కాదు. తాళం బొమ్మ కనిపించినంత మాత్రాన నమ్మొద్దు. అది దారి భద్రమని చెబుతుంది గానీ ఎదుటివాడు మంచివాడని చెప్పదు.

డబ్బు, పాస్‌వర్డ్, ఆధార్ అడిగే సైటుకు గ్రూపులో వచ్చిన లింక్ ద్వారా కాకుండా, మీరే అడ్రసు కొట్టి వెళ్లండి. నెట్ సెంటర్‌లో పని అయ్యాక లాగౌట్ నొక్కే లేవండి. ట్యాబ్ మూసేస్తే టోకెన్ పోతుందని గ్యారంటీ లేదు.

డబ్బు పోయిందని అనుమానం వస్తే సిగ్గుపడకుండా, ఆలస్యం చేయకుండా 1930 నంబర్‌కు ఫోన్ చేయండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు ఇవ్వొచ్చు. ఎంత త్వరగా చెబితే సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకు కూడా వెంటనే చెప్పాలి.

సైట్లు తయారుచేసే పిల్లలకు

ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఇవాళ కాలేజీ ప్రాజెక్టులకు, బంధువుల షాపులకు, కమిటీలకు సైట్లు కడుతున్నారు. వాళ్లు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని.

చీటీలో పూర్తి అడ్రసు కాకుండా సైటు లోపలి దారి మాత్రమే రాయాలి. వాడే ముందు తప్పకుండా పరీక్షించాలి. అది ఒక స్లాష్‌తో మొదలైతే సరిపోదు. రెండు స్లాష్‌లతో మొదలైతే బ్రౌజర్ దాన్ని వేరే సైటుగా చదువుతుంది. వెనక్కి వాలిన స్లాష్‌ను కూడా చాలా బ్రౌజర్లు మామూలు స్లాష్‌గానే తీసుకుంటాయి. "మన సైటు పేరుతో మొదలైంది కదా" అన్న పరీక్ష పనికిరాదు, ఎందుకంటే మన పేరు ముందు పెట్టి వెనక ఇంకో పేరు తగిలించొచ్చు. సొంతంగా పరీక్ష రాయడం కంటే ఫ్రేమ్‌వర్క్ ఇచ్చినదే వాడాలి. జాంగో, ఏఎస్‌పీ డాట్ నెట్, వర్డ్‌ప్రెస్ మూడింటిలోనూ అందుకు తయారు ఫంక్షన్లున్నాయి.

చీటీ లేకపోయినా, పరీక్షలో తప్పినా ఒక మామూలు పేజీకి పంపాలి. లాగిన్ పేజీనే చీటీగా రాసుకుంటే మనిషి గిరగిరా అక్కడే తిరుగుతాడు. లాగౌట్ పేజీ అయితే లోపలికి వచ్చీ రాగానే బయటపడతాడు. ఈ రెంటినీ చీటీలోకి రానివ్వకూడదు.

లాగిన్ అయిన వెంటనే పాత సెషన్ నంబర్ మార్చి కొత్తది ఇవ్వాలి, చీటీని మాత్రం కొత్త సెషన్‌లోకి తేవాలి. ఇది మరిచిపోయి చాలామంది చీటీని పారేసుకుంటారు. తిరిగి పంపిన పేజీ చూసే హక్కు ఆ మనిషికి ఉందా లేదా అన్నది అక్కడ మళ్లీ చూడాలి. చీటీ దారి మాత్రమే చూపిస్తుంది, అనుమతి ఇవ్వదు. అడ్రసులో హ్యాష్ గుర్తు తర్వాత ఉండే భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కు పంపదు. కాబట్టి ఒకే పేజీలో హ్యాష్‌తో భాగాలు చూపించే సైట్లు దాన్ని బ్రౌజర్ వైపే దాచుకోవాలి.

చివరగా పరీక్ష. సైటు పూర్తయ్యాక లోపలి పేజీ లింక్ ఒకటి ఇంట్లో అమ్మీకో, నానీకో పంపండి. లాగౌట్ అయి ఉన్న ఫోన్‌లో ఆ లింక్ నొక్కమనండి. ఓటీపీ రావడానికి రెండు నిమిషాలు పట్టినా, మధ్యలో ఫోన్ కాల్ వచ్చినా, లాగిన్ అయ్యాక వాళ్లు అడిగిన పేజీయే కనిపించాలి. ఎవరినీ అడగకుండా వాళ్లు పని ముగించగలిగితే సైటు సిద్ధమైనట్టు. లేకపోతే చీటీ ఎక్కడ జారిందో వెతకాలి.